కట్టమంచి రాయని చరిత్ర

కట్టమంచి రామలింగారెడ్డి (1880-1951) గారి పేరు తెలుగు విద్యార్థికి సాధారణంగా మూడు చోట్ల తారసపడుతుంది. ఆధునిక కవిత్వాన్ని గురించి చదివేటప్పుడు 'ముసలమ్మ మరణము' కర్తగా, సాహిత్య విమర్శ చదివేటప్పుడు 'కవిత్వతత్త్వ విచారము' కర్తగా, విద్యాసంస్థల ప్రస్తావన వచ్చినప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి వైస్‌చాన్సలరుగా ఆయన కనిపిస్తారు. ఆయన చదువు రీత్యా, తొలి ఉద్యోగం రీత్యా చరిత్రకారుడన్న సంగతికి మాత్రం మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి. ఆ నాలుగో ముఖాన్ని ముందు పెట్టుకొని మిగిలిన మూడింటినీ చూడాలని ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

బళ్ళారి జిల్లా కురుగోడు వంటి ఊళ్ళలో తెలుగు చదువుకునే విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. కురుగోడును ఒకప్పుడు సింద వంశపు రాజులు ఏలారు. వారి శాసనాల భాష కన్నడం. ఊళ్ళో దొడ్డబసవేశ్వరుని గుడిలోని ఏకశిలా నందికి మొక్కేవారిలో కన్నడం మాట్లాడేవారూ ఉన్నారు, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, సంతలో రెండూ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి తాలూకా మైసూరులో చేరింది. ఇటువంటి చోట తెలుగు సాహిత్య చరిత్ర చదివే విద్యార్థికి, ఆ చరిత్ర అంతా ఎక్కడో గోదావరి, కృష్ణా తీరాల్లో జరిగిపోయిందనీ, తాను దూరం నుంచి చూసేవాణ్ణి మాత్రమేననీ అనిపించడం సహజం. రెడ్డిగారి జీవితం ఆ అభిప్రాయం సరికాదని నిరూపిస్తుంది. ఆయన గ్రంథాలు మాత్రం చాలావరకు దాన్ని బలపరుస్తాయి. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోవడం అవసరమని మా అభిప్రాయం.

ఉద్యోగ జీవితం

రెడ్డిగారు చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జి వెళ్ళి సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. అక్కడి ప్రసిద్ధ చర్చాసంఘమైన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు. తిరిగివచ్చిన తర్వాత కొంతకాలం బరోడాలో పనిచేసి, మైసూరు మహారాజా కళాశాలలో చరిత్రాచార్యులైనారు. తర్వాత మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి చేపట్టారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడానికి జరిగిన సన్నాహాల్లో ఆయన పాలు ఉంది. అస్పృశ్యులన్న పేరుతో బడికి దూరం చేసిన కులాల పిల్లలను ప్రభుత్వ పాఠశాలల్లో చేర్చుకోవాలన్న విధానానికి ఆయన గట్టిగా నిలబడ్డారు.

ఆ పైన మద్రాసు శాసనమండలి రాజకీయాలు. 1923లో పానగల్ రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించింది ఆయనే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్‌చాన్సలరయ్యారు. 1930లో సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన నిర్బంధానికి నిరసనగా రాజీనామా ఇచ్చారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ స్థానంలో ఉన్నారు. 1936లో రెడ్డిగారు మళ్ళీ వచ్చి 1949 దాకా కొనసాగారు. 1942లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి నడపవలసి వచ్చిన కష్టకాలం కూడా ఆయన హయాంలోనిదే. చివరికి 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో-చాన్సలరై, తాను చరిత్ర పాఠాలు చెప్పిన సంస్థకే తిరిగి వెళ్ళారు. 1951లో కన్నుమూశారు.

ఈ జాబితాలో విద్యార్థి గమనించవలసింది ఒకటుంది. నాలుగు దశాబ్దాలకు పైబడిన ఈ జీవితంలో ఆయన పేర కావ్యం ఉంది, విమర్శ ఉంది, అర్థశాస్త్రం మీద తెలుగు గ్రంథం ఉంది, 'కాంగ్రెస్ ఇన్ ఆఫీస్' (1940) అనే ఇంగ్లీషు రాజకీయ గ్రంథం ఉంది. చెప్పుకోదగిన చరిత్ర గ్రంథం లేదు.

ఒక గ్రీకు పోలిక

చరిత్రకారులు విశ్వవిద్యాలయ పరిపాలనకు రావడం ప్రపంచంలో కొత్త కాదు. గ్రీకు చరిత్రకారిణి ఎలెన్ గ్లికాట్సి ఆర్వైలెర్ ఉదాహరణ చూద్దాం. ఈమె 1926లో ఏథెన్సులో పుట్టారు. ఆసియా మైనరు నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబం. ఏథెన్సులో చదివి, పై చదువులకు పారిస్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. బైజాంటియం సామ్రాజ్యానికీ సముద్రానికీ ఉన్న సంబంధాన్ని గురించి 1966లో ఆమె ఫ్రెంచిలో ప్రకటించిన గ్రంథం ఆ రంగంలో ప్రామాణికమైంది. 1976లో పారిస్-1 విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలయ్యారు. ఆ సంస్థకు ఆ పదవిలో ఆమె తొలి మహిళ. తర్వాత పారిస్ విశ్వవిద్యాలయాలకు చాన్సలర్ బాధ్యత కూడా నిర్వహించారు.

ఆర్వైలెర్‌కూ రెడ్డిగారికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ మాతృభాషా ప్రాంతం వెలుపల పేరు తెచ్చుకున్నారు. ఇద్దరూ పరభాషా సంస్థలో పెద్ద పదవులు చేశారు. తేడా కూడా స్పష్టం. ఆమె ముందు చరిత్ర రాశారు, తర్వాత పదవిలోకి వచ్చారు. తన జాతి గతాన్ని బయటి భాషలో, బయటి నేల మీద నిలబడి, ఇరుగుపొరుగులతో కలిపి రాశారు. మైసూరులో రెడ్డిగారికి అటువంటి అవకాశమే ఉంది. ఆ అవకాశాన్ని ఆయన ఏం చేశారన్న ప్రశ్నతో ఆయన రచనలను చూడాలి.

ముసలమ్మ, భాగీరథి

'ముసలమ్మ మరణము' రెడ్డిగారు మద్రాసులో విద్యార్థిగా ఉండగా, కళాశాల భాషాసంఘం పోటీ కోసం రాసిన కావ్యం. తెలుగులో ఆధునిక కథాకావ్యాలకు దీన్ని ఆద్యంగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. వస్తువు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సేకరించిన అనంతపుర చరిత్రలోనిది. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంది. ఊరు మునిగిపోయే ప్రమాదం. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి నిలుస్తుందని దైవవాక్కు వినిపిస్తుంది. ఆమె తన ఇష్టంతో వెళ్ళి ప్రాణం ఇస్తుంది.

అనంతపురం 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. బ్రౌను సేకరించిన నాటికి ముసలమ్మ కథ బళ్ళారి జిల్లా కథ. తెలుగు ఆధునిక కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటి ఈ నేల మీద పడిందని కురుగోడు విద్యార్థి తెలుసుకోవాలి. అంతేకాదు, ఇక్కడి విద్యార్థికి కట్టమంచివారి విమర్శకుల్లో చాలామందికి లేని సౌకర్యం ఒకటుంది. 'కెరెగె హార' అనే ప్రసిద్ధమైన కన్నడ జానపద కథాగేయం బడిలో చదువుకుని ఉంటాడు. అక్కడా చెరువే, అక్కడా కోడలే. తవ్వించిన చెరువులో నీరు పడదు. ఇంటి చిన్నకోడలు భాగీరథిని ఆహుతి ఇవ్వాలని పెద్దలు నిర్ణయిస్తారు. ఆమె పుట్టింటికి వెళ్ళినా దారి దొరకదు. చివరికి చెరువుకు బలి అవుతుంది. దండు నుంచి తిరిగివచ్చిన భర్త ఆమె కోసం అదే చెరువులో దూకుతాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెడ్డిగారు చేసిన మార్పు విలువ తెలుస్తుంది, దాని లోపమూ తెలుస్తుంది. ముసలమ్మకు ఆయన స్వతంత్రేచ్ఛ ఇచ్చారు. ఆమె బలిపశువు కాదు. ఊరి కోసం నిర్ణయం తీసుకునే మనిషి. పంతొమ్మిదో శతాబ్దం చివర ఒక యువకవి స్త్రీపాత్రకు ఇటువంటి గౌరవం ఇవ్వడం చిన్న విషయం కాదు. కాని స్త్రీ తనంత తాను ముందుకు రావడంతో, ఆమెను పంపిన పెద్దల బాధ్యత కథలోంచి జారిపోయింది. కన్నడ గేయంలో ఆ బాధ్యత ఎక్కడికీ పోదు. అత్తమామల నిర్ణయం, పుట్టింటివారి నిస్సహాయత, భర్త మరణం, అన్నీ పెద్దలపై ఆరోపణలుగా నిలుస్తాయి. చెరువు ఎవరిది, నీరు ఎవరి పొలానికి, ప్రాణం ఎవరిది అన్న ప్రశ్నలు చరిత్రకారుడు అడగవలసినవి. ఊళ్ళో పాడుకునే కన్నడ గేయం వాటిని అడిగింది. కేంబ్రిడ్జికి వెళ్ళబోతున్న విద్యార్థి కావ్యం వాటిని అడగలేదు. ఇది కావ్యాన్ని తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. ఒకే నేల కథ రెండు భాషల్లో రెండు న్యాయాలు పలుకుతుందని, రెండూ తెలిసిన పాఠకుడికే అది కనిపిస్తుందని చెప్పడానికి అంటున్నాం.

కవిత్వతత్త్వ విచారము

ఈ గ్రంథం 1914లో వెలువడింది. అప్పటికి రెడ్డిగారు మైసూరులో ఉన్నారు. ప్రబంధాల్లో వర్ణన పెరిగి కథ చిక్కిపోయిందనీ, శృంగారం హద్దు మీరిందనీ, కవులు స్వతంత్రభావన వదిలి సంప్రదాయాన్ని వల్లెవేశారనీ ఆయన వాదించారు. వారికి భిన్నంగా 16వ శతాబ్దపు పింగళి సూరనను నిలబెట్టి, ముఖ్యంగా 'కళాపూర్ణోదయం' కథానిర్మాణాన్ని మెచ్చుకున్నారు. పండితులు ఉలిక్కిపడ్డారు, వాదోపవాదాలు జరిగాయి. అలంకారాలు లెక్కపెట్టడంతో ఆగిపోయే పద్ధతి నుంచి తెలుగు విమర్శను బయటికి తెచ్చిన గ్రంథంగా దీనికి ఉన్న స్థానం నిస్సందేహమైనది.

సూరననే ఎందుకు ఎంచుకున్నారు? ఇంగ్లీషు నవలా నాటకాల ప్రభావం అని సాధారణంగా చెప్పే సమాధానం. అది కొంతవరకే నిజమని మా అభిప్రాయం. 'కళాపూర్ణోదయం' కథ నడక గుర్తు చేసుకుందాం. పాఠకుడు ముందు ఫలితాలు చూస్తాడు. వాటి కారణాలు తర్వాత, ఒకరి జన్మవృత్తాంతం మరొకరి నోట వినిపించినప్పుడు, ఒక్కొక్కటిగా తేలుతాయి. విడివిడిగా కనిపించిన సంఘటనలు చివరికి ఒకే గొలుసులోకి వస్తాయి. కళ్ళముందున్న ఫలితం నుంచి వెనక్కి నడిచి కారణం పట్టుకోవడం చరిత్ర విద్యార్థి నిత్యం చేసే పని. రెడ్డిగారిలోని చరిత్రకారుడు సూరనలో తన పద్ధతినే చూసి సంతోషించాడు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్‌ల ఇంగ్లీషు అనువాదం వచ్చాక ఈ కావ్యం ప్రపంచ పాఠకుల దృష్టికి వెళ్ళింది. దాని కథనిర్మాణం అసాధారణమైనదని తెలుగువారికి అంతకు ఎనభై ఎనిమిదేళ్ళ ముందే గట్టిగా చెప్పినవారు రెడ్డిగారు.

అయితే ఆ చరిత్రదృష్టి కావ్యం లోపల పనిచేసినంతగా కావ్యం బయట పనిచేయలేదు. ప్రబంధ కవిత్వం తన కాలపు ఫలం అన్నప్పుడు ఆ కాలాన్ని పరీక్షించాలి. విజయనగర కాలం ఒక్క తెలుగు కాలం కాదు. ఆ రాజుల శాసనాలు కన్నడం, తెలుగు, తమిళం, సంస్కృతాల్లో ఉన్నాయి. మద్రాసు సివిల్ ఉద్యోగి రాబర్ట్ స్యూయెల్ విజయనగరంపై రాసిన గ్రంథం 1900 నాటికే అచ్చయింది. మైసూరులో లూయిస్ రైస్ సంపుటాలుగా తెచ్చిన కన్నడ శాసనాలు అందుబాటులో ఉన్నాయి. ఆర్. నరసింహాచార్యుల 'కర్ణాటక కవిచరితె' తొలి సంపుటం 1907లో వచ్చింది. ఇంత సామగ్రి చేతికందే దూరంలో ఉన్న చరిత్రాచార్యుని విమర్శలో పోలికకు ప్రధానంగా నిలిచినవి ఇంగ్లీషు, సంస్కృతం. కన్నడం కాదు.

ఆయన వెతికింది కథానిర్మాణం గల కవిని. కురుగోడుకు దగ్గరలోని హంపితో సంబంధం ఉన్న కన్నడ కవి రాఘవాంకుడు హరిశ్చంద్రుని కథను నాటకీయమైన బిగువుతో నడిపించాడు. అదే కథను తర్వాత తెలుగులో ద్విపదగా గౌరన చెప్పాడు. రాఘవాంకుణ్ణీ గౌరననూ కలిపి చూసి ఉంటే, కథాబలం ఉన్న కవిత్వం మన భాషలకు పరాయిదేమీ కాదనీ, ఆస్థాన ప్రబంధానికి పక్కనే అది మరో దారిలో నడిచిందనీ తేలేది. అప్పుడు సూరన ఒంటరి ప్రతిభగా కాక ఒక పెద్ద సంప్రదాయానికి బంధువుగా కనిపించేవాడు. 'కవిత్వతత్త్వ విచారము' తెలుగు సాహిత్యాన్ని ప్రపంచానికి ఎదురుగా నిలబెట్టింది గాని, దాని పొరుగింటి తలుపు తట్టలేదు.

విశ్వవిద్యాలయం, దాని ఎల్లలు

ఇక పరిపాలన. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా మొదలైంది. దాని శాశ్వత స్థానం బెజవాడా, రాజమండ్రా, విశాఖపట్నమా, అనంతపురమా అన్న వివాదం మొదటి నుంచీ ఉంది. 1916 నుంచి కళాశాల ఉన్న అనంతపురానికి కేంద్రం రావాలని దత్తమండలాలవారు కోరారు. అది జరగలేదు. 1929లో దత్తమండలాల కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి నుంచి విడిపోయి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి తిరిగి వెళ్ళాయి. 1930లో కేంద్రం వాల్తేరుకు మారింది. చిత్తూరు మనిషి వైస్‌చాన్సలరుగా ఉండగానే సీమ ప్రాంతం ఆ సంస్థ నుంచి విడిపోవడం ఆయన జీవితంలోని పెద్ద విపర్యాసం. ఆ గాయం ఎంత లోతైనదో 1937 శ్రీబాగ్ ఒడంబడిక చెబుతుంది. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నది ఆ ఒడంబడికలో ఒక ముఖ్యాంశం.

తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 1991లో హంపి కన్నడ విశ్వవిద్యాలయం, 2010లో బళ్ళారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. చెరొక రాష్ట్రంలో, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, ఒకే రాజు పేరుతో రెండు విశ్వవిద్యాలయాలు. రాజును ఇద్దరూ పంచుకున్నారు. ఆయన కాలపు సాహిత్యాన్ని మాత్రం ఎవరి భాష మేరకు వారు విడివిడిగానే చదువుతున్నారు. రెడ్డిగారు రాయని చరిత్ర లోటు ఇక్కడ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

రాళ్ళపల్లి సాక్ష్యం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి రెడ్డిగారికి పొరుగుభాష పట్టలేదని తీర్మానిస్తే అన్యాయం. పరిపాలకుడుగా ఆయన చేసిన ఒక పని ఆ తీర్మానానికి అడ్డు నిలుస్తుంది. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మగారు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరారు. దానికి ప్రోత్సాహం రెడ్డిగారిది. కన్నడ రాజ్యంలో, కన్నడ రాజధానిలో, ఇరవై ఏళ్ళు నిండని సీమ యువకుణ్ణి తెలుగు పీఠంలో కూర్చోబెట్టారు. శర్మగారు 1949 దాకా అక్కడే బోధించారు. తెలుగు, సంస్కృతం, కన్నడం, సంగీతం అన్నింటా పాండిత్యం గల ఆ విమర్శకుడు మైసూరు లేకపోతే అలా రూపొందేవాడు కాడు.

రెడ్డిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళాక కూడా ఈ సంబంధం తెగలేదు. వేమనపై ఉపన్యాసాలకు ఆ విశ్వవిద్యాలయం పిలిచింది మైసూరులోని ఈ శర్మగారినే. ఆ ఉపన్యాసాలు 1929లో పుస్తకంగా వచ్చాయి. పండితులు కవిగా ఒప్పుకోవడానికి సందేహించిన వేమనకు విశ్వవిద్యాలయ గౌరవం ఆ పుస్తకంతో వచ్చింది. వేమన కాలం, మతం, లోకానుభవం, కవిత్వం అన్నింటినీ ఆధారాలతో తూచిన ఆ గ్రంథంలో చరిత్రదృష్టి ఉంది. 1938లో గిడుగు రామమూర్తిగారికి కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది కూడా రెడ్డిగారి హయాంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమే. గ్రాంథికవాదులతో జీవితమంతా పోరాడిన భాషావేత్తను విశ్వవిద్యాలయం గౌరవించడమంటే, వాడుకభాషకు పెద్దపీట వేయడమే.

దీన్ని బట్టి మాకు తోచేదేమిటంటే, రెడ్డిగారు చరిత్రను గ్రంథాలుగా రాయలేదు. మనుషులను తగిన చోట నిలబెట్టడంలో ఆయన చరిత్రజ్ఞానం ఖర్చయింది. ఆర్వైలెర్ వంటివారు గ్రంథం రాసి పీఠం ఎక్కారు. రెడ్డిగారు పీఠం నుంచి ఇతరుల చేత గ్రంథాలు రాయించారు. ఇది తక్కువ పని కాదు. కాని రెండూ ఒకటీ కావు. నియామకాలు ఒక తరం తర్వాత ముగుస్తాయి. శర్మగారు విరమించిన తర్వాత అటువంటి వారధి మళ్ళీ ఎవరు కడతారన్నది పరిపాలకుల దయ మీద ఆధారపడిపోయింది. గ్రంథం అలా ఎవరి దయ మీదా ఆధారపడదు. తెలుగు, కన్నడ సాహిత్యాలను కలిపి చూసిన ఒక చరిత్ర రెడ్డిగారి కలం నుంచి 1920 నాటికి వచ్చి ఉంటే, 1953లో గీత గీసినప్పుడు రెండు వైపుల పిల్లల చేతుల్లోనూ ఆ పుస్తకం ఉండేది.

విద్యార్థులకు

రెడ్డిగారిని విగ్రహంగా పూజించడం వల్ల గాని, ఇంగ్లీషు మోజుగల విమర్శకుడని పక్కన పెట్టడం వల్ల గాని ప్రయోజనం లేదు. ఆయన వదిలిపెట్టిన పని ఏమిటో గుర్తించాలి. ఆ పనికి కావలసిన సరంజామా హృదయప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో కన్నా కురుగోడు, సిరుగుప్ప, కంప్లి విద్యార్థుల దగ్గర ఎక్కువగా ఉంది. రెండు లిపులు చదవగలరు. రెండు భాషల పాటలు ఇంట్లో వింటారు. శాసనం గుడి ముందే ఉంటుంది. తుంగభద్ర కాలువల వెంట కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపుల్లో తెలుగు ఒక తీరున ఉంటుంది. తరతరాలుగా ఇక్కడే ఉన్నవారి తెలుగు ఇంకో తీరున, కన్నడంతో కలిసి ఉంటుంది. ఆ తేడాలను తప్పులుగా దిద్దుకోవడానికి ముందు రాసిపెట్టుకోవాలి. అవే రేపటి చరిత్రకు ఆధారాలు.

మొదటి మెట్టుగా ఒక పని సూచిస్తున్నాం. ఈ సంవత్సరం 'ముసలమ్మ మరణము' చదివే ప్రతి విద్యార్థీ 'కెరెగె హార' కూడా పక్కన పెట్టుకొని చదవాలి. తన ఊళ్ళోగాని, పక్క ఊళ్ళోగాని చెరువుకట్ట మీద ఉన్న ఏ దేవతకైనా ఇటువంటి కథ ఉందేమో పెద్దలను అడిగి, వారు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే, ఏ మాట వాడితే ఆ మాటనే రాసుకోవాలి. చెప్పినవారి వయసు, ఊరు, ఇంటిభాష కూడా నమోదు చేయాలి. కట్టమంచివారు బ్రౌను పుస్తకంలో దొరికిన కథతో ఆగిపోయారు. ఊళ్ళో దొరికే కథతో మొదలుపెట్టే అవకాశం మన విద్యార్థులకు ఉంది.